ఎదుటివారి మాటకు జామీను నిలిచిన మహాత్మా ఫూలే

మన సమాఖ్య వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం చెప్పుకోవడం మనకు ఆనవాయితీ. మామూలుగా మన కులపెద్దల గురించో, చేనేత కోసం పాటుపడిన నాయకుల గురించో రాసుకుంటాం. ఈసారి ఎంచుకున్న మనిషి నేతగాడు కాదు, తెలుగువాడూ కాదు. పూనాలో పూలతోటలు సాగుచేసుకునే మాలీ కులంలో పుట్టిన మరాఠీ మనిషి, మహాత్మా జ్యోతిరావు ఫూలే. షోలాపూర్, భివండి, ముంబై మనవాళ్ళకు ఆయన గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఏప్రిల్ 11న ఆయన విగ్రహానికి దండ వేసే వాళ్ళలో మన పిల్లలు కూడా ఉంటారు. ఒడిశాలో, యానాంలో, తమిళనాడులో ఉన్న మన బంధువులకు మాత్రం ఆడపిల్లలకు బడి పెట్టిన ఆయన అనేంత వరకే తెలిసి ఉండొచ్చు.

ఆ బడి సంగతి ఎలాగూ చెప్పుకుంటాం. కానీ ఈసారి ఆయన జీవితాన్ని ఇంకో వైపు నుంచి చూద్దామనుకున్నాం. నోరు తెరిచి మాట్లాడే హక్కు ఎవరిది, ఎంతవరకు, ఎదుటివాడు మాట్లాడితే మనం ఏం చేయాలి అన్న ప్రశ్నలు ఈ ఏడాది మన సంఘంలోనే కొంచెం గట్టిగా వచ్చాయి. అవేమిటో దారిలో చెబుతాం.

ఫూలే 1827లో పుట్టారు. వాళ్ళ ఇంటిపేరు మొదట గోర్హే. పీష్వాల కొలువుకు పూలు అందించే పని చేసినందువల్ల ఫూలే అయింది. వృత్తే ఇంటిపేరు కావడం మనకేం వింత కాదు గదా. పసితనంలోనే తల్లి పోయింది. తండ్రి గోవిందరావు కొడుకును బడికి పంపి, నాలుగు అక్షరాలు రాగానే మాన్పించి తోటపనిలో పెట్టేశారు. మాలీ పిల్లవాడికి చదువెందుకని చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పిన మాట ఆయనకు ఎక్కింది. ఇరుగుపొరుగున ఉండే ఇద్దరు పెద్దలు, గఫార్ బేగ్ మున్షీ, లిజిట్ అనే దొర, తండ్రికి నచ్చజెప్పి పిల్లవాణ్ణి మళ్ళీ బడిలో వేయించారు. అది 1841, స్కాటిష్ మిషన్ పాఠశాల. అక్కడి చదువు 1847లో పూర్తయింది. ఆ రోజుల్లోనే థామస్ పెయిన్ రాసిన మనుషుల హక్కుల పుస్తకం ఆయన చేతికి వచ్చింది. దాని ప్రభావం జన్మంతా పోలేదు.

1848లో ఒక బ్రాహ్మణ స్నేహితుడి పెళ్ళి ఊరేగింపులో నడుస్తుంటే, శూద్రుడివి మాతో కలిసి నడుస్తావా అని పెళ్ళివారు అవమానించారు. ఆ ఏడాదే ఆయన పూనా భిడే వాడాలో ఆడపిల్లల బడి పెట్టారు. భార్య సావిత్రీబాయికి తనే చదువు నేర్పి, ఆమెను టీచరును చేశారు. ఆమె బడికి నడిచి వెళ్తుంటే దారిలో పేడ, మట్టి విసిరేవాళ్ళు. ఇంట్లోనూ ఒత్తిడి పెరిగింది. కులం వెలివేస్తుందని భయపడ్డ తండ్రి, బడి మానుకోండి లేదా ఇల్లు విడవండి అన్నారు. 1849లో మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇల్లు విడిచారు. ఉస్మాన్ షేక్ అనే స్నేహితుడు చోటిచ్చాడు. అదే ఇంటి ఫాతిమా షేక్ సావిత్రీబాయితో పాటు పాఠాలు చెప్పింది. 1852 నవంబరు 16న సర్కారు విశ్రామ్‌బాగ్ వాడాలో సభ పెట్టి ఫూలేకు శాలువా కప్పింది. పేడ విసిరిన ఊళ్ళోనే శాలువా! నాలుగేళ్ళు తిరిగింది అంతే.

అక్కడి నుంచి ఆయన రాతల సంగతికి వద్దాం.

ఫూలే మొదటి రచన 1855 నాటి ఒక నాటకం, తృతీయ రత్న. చదువురాని రైతు దంపతులను పురోహితుడు ఎలా మోసగిస్తాడో, చదువు వాళ్ళకు ఎలా కళ్ళు తెరిపిస్తుందో అందులో చూపించారు. మరాఠీ పుస్తకాలకు సొమ్మిచ్చే దక్షిణా ప్రైజ్ కమిటీ ఒకటి అప్పట్లో ఉండేది. నాటకాన్ని ఆ కమిటీకి పంపితే తిరస్కరించారు. ఎవరూ జైల్లో పెట్టలేదు, పుస్తకం తగలబెట్టలేదు. డబ్బు, అచ్చుయంత్రం తమ చేతిలో ఉన్నవాళ్ళు వద్దన్నారు, అంతే. ఆ నాటకం ఆయన కళ్ళముందు అచ్చు కాలేదు. ఆయన పోయాక కూడా ఎన్నో దశాబ్దాలు రాతప్రతిగానే ఉండిపోయింది.

ఇది ఆయనకు మంచి పాఠం అయిందని మేం అనుకుంటున్నాం. నాలుక ఉన్నంత మాత్రాన మాట వినపడదు, దాన్ని మోసే సాధనం కూడా కావాలి. ఆ సాధనం సమకూర్చడంలోనే మన తెలుగువాళ్ళు కనబడతారు.

ఫూలే బడిపంతులుగా మాత్రమే బతకలేదు. కాంట్రాక్టు పనులు చేసేవారు, పూనా దగ్గర ఖడక్‌వాస్లా ఆనకట్ట కడుతున్నప్పుడు సరుకు సరఫరా చేశారు. ఆ రోజుల్లో ముంబైలో ఇళ్ళు, రోడ్లు, రేవులు కట్టిన కూలీల్లో నిజాం రాజ్యం నుంచి వలస వచ్చిన తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళనే అక్కడ కామాఠీలు అనేవారు. కామాఠీపురా అనే పేరు వాళ్ళ వల్లే వచ్చింది. (ఆ పేట పేరు చెబితే ఈనాడు మనవాళ్ళు తల దించుకుంటారు. చెమటోడ్చి నగరాన్ని కట్టిన తెలుగు కూలీల పేట అది, తల ఎత్తుకునే చెప్పాలి.) ఆ కూలీల్లోంచి పైకొచ్చిన తెలుగు కాంట్రాక్టర్లు, వ్యాపారులు కొందరు ఫూలేకు ఆప్తులయ్యారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, నర్సింగరావు వడ్నాల, జయ కరాడి లింగు వంటి పేర్లు ఫూలే చరిత్ర రాసిన ప్రతివాళ్ళూ చెబుతారు. 1873 సెప్టెంబరు 24న పూనాలో సత్యశోధక సమాజం పుట్టినప్పుడు ముంబై తెలుగు మిత్రులు ఆయనకు అండగా నిలబడ్డారు. సమాజానికి ఒక అచ్చుయంత్రం కొనిచ్చింది వీళ్ళే. మనకు అచ్చు అంటే ముందు మగ్గం మీది అచ్చే గుర్తొస్తుంది. ఆ అచ్చు లేకుండా గుడ్డ రాదు, ఈ అచ్చు లేకుండా పుస్తకం రాదు.

అదే 1873లో ఫూలే గులాంగిరీ పుస్తకం వచ్చింది. అమెరికాలో నల్లవాళ్ళ బానిసత్వం పోవడానికి పాటుపడిన వాళ్ళకు దాన్ని అంకితమిచ్చారు. పురాణాల్లోని అవతారాల కథలను తిరగేసి, శూద్రులను అణచివేయడానికి అల్లిన కథలుగా చెప్పారు. ఆయన భాష చాలా ఘాటు. ఈ రోజు చదివినా కొన్నిచోట్ల ఒళ్ళు మండేవాళ్ళు ఉంటారు. ఆయన చెప్పిన ప్రాచీన చరిత్ర అంతటినీ ఇప్పటి పండితులు ఒప్పుకోరు కూడా. మేం ఈ మాట దాచడం లేదు, ఎందుకంటే మహాత్ముడంటే ప్రతి అక్షరమూ వేదం అనుకోవడం ఆయనకే ఇష్టం ఉండేది కాదు. ఒకటి మాత్రం చెప్పాలి. రాసిన ప్రతిదానికీ ఆయన తన పేరు పెట్టుకున్నారు. అడిగినవాడికి జవాబు చెప్పారు.

ఎదుటి పక్షం కూడా ఊరుకోలేదు. విష్ణుశాస్త్రి చిప్లూణ్‌కర్ అనే గొప్ప మరాఠీ వచన రచయిత తన నిబంధమాల పత్రికలో ఫూలేను తీవ్రంగా వెక్కిరించారు. వ్యాకరణం రాదన్నారు, రాతను ఎగతాళి చేశారు. ఆ చిప్లూణ్‌కరే 1881లో బాలగంగాధర తిలక్, గోపాల గణేశ ఆగర్కర్‌లతో కలిసి కేసరి, మరాఠా పత్రికలు మొదలుపెట్టిన వాళ్ళలో ఒకరు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

దీనికి ముందు ఇంకో చిన్న సంఘటన ఉంది. 1875లో స్వామి దయానంద సరస్వతి పూనా వచ్చి ఉపన్యాసాలు ఇచ్చారు. చివర్లో ఆయనను ఊరేగించాలని జస్టిస్ మహాదేవ గోవింద రానడే తదితరులు తలపెట్టారు. సనాతనులు అడ్డుకుంటామన్నారు. గాడిదను అలంకరించి పోటీ ఊరేగింపు కూడా తీశారు. గొడవ జరుగుతుందని తెలిసి రానడే ఫూలే సాయం కోరారు. ఫూలేకు దయానందుల సిద్ధాంతంతో పొసగదు. ఆయన వేదమే ప్రమాణం అంటారు, ఈయన వేదాన్నే ప్రశ్నిస్తారు. అయినా ఫూలే తన మనుషులను వెంటబెట్టుకుని వచ్చి ఊరేగింపులో నడిచారు. రాళ్ళూ బురదా పడ్డాయి. ఊరేగింపు మాత్రం ఆగలేదు.

ఇక 1882 సంగతి. కొల్హాపూర్ సంస్థానంలో యువ మహారాజుకు మతి చెడిందని చెప్పి కట్టడిలో ఉంచారు. అక్కడి దివాన్ మాధవరావు బర్వే కుట్ర చేసి మహారాజును హింసిస్తున్నాడని పూనా అంతా గుసగుసలు. బర్వే రాసినవంటూ కొన్ని ఉత్తరాలు బయటికి వచ్చాయి. తిలక్, ఆగర్కర్ యువకులు, ఆవేశం ఉన్నవాళ్ళు. వాటిని నమ్మి తమ పత్రికల్లో దివానును తూర్పారబట్టారు. బర్వే పరువునష్టం దావా వేశాడు. కోర్టులో ఆ ఉత్తరాలు దొంగవని తేలింది. సంపాదకులు క్షమాపణ చెప్పినా బర్వే వెనక్కి తగ్గలేదు. జులైలో ఇద్దరికీ నాలుగేసి నెలల శిక్ష పడింది. ముంబై డోంగ్రీ జైల్లో 101 రోజులు ఉన్నారు.

విచారణ నడుస్తున్నప్పుడు వాళ్ళకు జామీను కావాల్సి వచ్చింది. పదివేల రూపాయలు! అప్పట్లో అది ఎంత సొమ్మో మనం ఊహించుకోవాల్సిందే. జామీనుకు మనిషిని కుదిర్చింది ఫూలే. తన మిత్రుడు రామశేఠ్ ఉర్వణేను ఒప్పించి ముందుకు తెచ్చారు. తనను ఎగతాళి చేసిన చిప్లూణ్‌కర్ పెట్టిన పత్రిక అది. దానికి జామీను ఈయన తరఫు నుంచి వెళ్ళింది. శిక్ష ముగిసి అక్టోబరులో ఇద్దరూ బయటికి వచ్చినప్పుడు స్వాగతం పలికిన వాళ్ళలో ముంబై సత్యశోధకులు కూడా ఉన్నారు.

ఇక్కడ రెండు సంగతులు కలిసి ఉన్నాయి, విడదీసి చూడాలి. పత్రికవాళ్ళు దివాన్లనూ దొరలనూ ప్రశ్నించగలగాలి, లేకపోతే రేపు మన గొంతు కూడా ఉండదు. ఫూలే జామీను దానికోసం. కానీ ఉత్తరాలు దొంగవి. సరిచూసుకోకుండా పేరు పెట్టి ఒక మనిషి మీద హత్యాప్రయత్నం వంటి నేరం మోపడం తప్పే, కోర్టు ఆ తప్పుకే శిక్ష వేసింది. ఫూలే ఆ తప్పును ఒప్పని వాదించారని ఎక్కడా లేదు. మాట్లాడే మనిషికి అండగా నిలబడ్డారు, అంతే.

మన ఇంటి సంగతి ఒకటి చెబుతాం. ఈ ఏడాది మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక అమ్మాయి గురించి ఒక మెసేజీ తిరిగింది. ఎవరు రాశారో తెలియదు. నాలుగు రాష్ట్రాల్లో మనవాళ్ళు ఒకరికొకరు పంపుకున్నారు. అది అబద్ధమని పదిహేను రోజుల తర్వాత తెలిసింది, కానీ అప్పటికే కుదిరిన సంబంధం తప్పిపోయింది. మేం కూడా, ఈ సంచిక కమిటీలో ఉన్నవాళ్ళమే, కొందరం దాన్ని ముందుకు పంపినవాళ్ళమే. తిలక్, ఆగర్కర్‌లు కనీసం తమ పేరుతో అచ్చువేసి జైలుకు వెళ్ళారు. మాకు ఆ పాటి ఖర్చు కూడా పడలేదు. ఆ అమ్మాయి తల్లిదండ్రుల ఇంటికి వెళ్ళి చెప్పాల్సిన మాట చెప్పి వచ్చాం. అది చాలదని మాకు తెలుసు.

మళ్ళీ ఫూలే దగ్గరికి వద్దాం. ఆయనను ఎక్కువ బాధపెట్టింది ఎదుటి పక్షం కాదు, సొంతవాళ్ళే.

సత్యశోధక ఆలోచనలు మోసే దీనబంధు అనే పత్రిక ఉండేది. కృష్ణారావు భాలేకర్ 1877లో పూనాలో పెట్టారు. నడపలేక చేతులెత్తేసే పరిస్థితి వస్తే 1880లో నారాయణ మేఘాజీ లోఖండే దాన్ని ముంబైకి తెచ్చి నిలబెట్టారు. అందులో రామయ్య వెంకయ్య అయ్యవారి చేయి కూడా ఉంది. లోఖండే పేరు మన ఇళ్ళల్లో తెలిసి ఉండాలి. ముంబై బట్టల మిల్లులో స్టోర్ కీపరుగా పనిచేసి, ఆ ఉద్యోగం వదిలి మిల్లు కార్మికుల కోసం నిలబడ్డ మనిషి. 1884లో కార్మికుల సభ పెట్టి 5,500 మంది సంతకాలతో మహజరు ఇచ్చారు. వారానికొక రోజు సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, ప్రమాదంలో గాయపడితే పరిహారం అడిగారు. 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవు ఒప్పుకున్నారు. ఈ రోజు షోలాపూర్‌లోనో భివండిలోనో మనవాడు వారానికొకసారి ఇంటిపట్టున ఉంటున్నాడంటే ఆ కథ మొదలైంది అక్కడే.

అటువంటి లోఖండే కూడా ఒకసారి వెనకడుగు వేశారు. ఫూలే షేత్కర్యాచా ఆసూడ్, అంటే రైతు చేతి చర్నాకోల, అనే పుస్తకం రాసి 1883లో ముగించారు. రైతు ఎందుకు దివాలా తీస్తున్నాడో అంకెలతో సహా విప్పి చెప్పిన పుస్తకం. పన్నులు, కోర్టు ఖర్చులు, అడవి చట్టాలు, గుమాస్తాల లంచాలు, దొరల జీతాలు, ఏదీ వదల్లేదు. విదేశీ సరుకు వచ్చి ఇక్కడి చేతివృత్తుల వాళ్ళ నోటికాడి కూడు పోయిన సంగతి కూడా రాశారు. మన తాతలు మగ్గాలు వదిలి వలస వచ్చిన కాలం అదే. దీనబంధులో మొదటి రెండు అధ్యాయాలు అచ్చయ్యాయి. మూడోది రాలేదు. సర్కారుకు కోపం వస్తుందని లోఖండే ఆపేశారు. అప్పటికి రాజద్రోహం సెక్షను శిక్షాస్మృతిలో చేరి పదమూడేళ్ళు అయింది.

ఫూలే మండిపడ్డారు. మనలో ఇంత పిరికి సంపాదకులు ఉన్నారన్న అర్థం వచ్చేలా రాశారు కూడా. ఆయన కోపం న్యాయమైనదే. కానీ లోఖండేను పిరికివాడని అనడానికి మాకు నోరు రావడం లేదు. పత్రికకు తాళం పడితే పోయేది ఒక్క ఫూలే పుస్తకమే కాదు, మిల్లు కార్మికుడి గొంతు కూడా. ఆ లెక్క ఆయన వేసుకుని ఉంటారు. భయం అంటే ఎప్పుడూ నీచమైనదే కానక్కర్లేదు, నెత్తిన పదిమంది బరువు ఉన్నవాడికి భయం ఉంటుంది. అయినా ఆ లెక్క వల్ల జరిగిందేమిటి? రైతు కథ చెప్పిన గొప్ప పుస్తకం ఫూలే జీవించి ఉండగా పూర్తిగా అచ్చు కాలేదు. పత్రిక బతికింది, ఆ పేజీలు మాత్రం ఖాళీగా ఉండిపోయాయి.

ఆయన అక్కడితో ఊరుకోలేదు. అచ్చు కాకపోతే చదివి వినిపిస్తానన్నట్టు ఆ రాతప్రతి పట్టుకుని ముంబై, పూనా, ఇంకా ఎన్నో ఊళ్ళు తిరిగి సభల్లో చదివారు. బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడ్ ముందు కూడా చదివి వినిపించారు. లోఖండేతో స్నేహం తెంచుకోలేదు.

ఇంతకంటే మమ్మల్ని కదిలించిన సంగతి తారాబాయి షిండేది. ఆమె బుల్ఢాణా స్త్రీ. 1882లో స్త్రీ పురుష తులన అనే చిన్న పుస్తకం వేశారు. ఒక వితంతువు మీద పడ్డ ఉరిశిక్ష, దాని చుట్టూ పత్రికల్లో ఆడవాళ్ళ నడవడి మీద వచ్చిన నీతిబోధలు చూసి, ఆమెకు కడుపు మండింది. నేరమంతా ఆడదానిదేనా, మగవాడి సంగతేమిటి అని నిలదీశారు. ఏ కులం మగవాణ్ణీ వదల్లేదు. అందుకే పూనా పండితులే కాక సత్యశోధక సమాజంలోని మగవాళ్ళకు కూడా ఆ పుస్తకం మింగుడు పడలేదు. పురోహితుణ్ణి తిడితే చప్పట్లు కొట్టినవాళ్ళే, తమ ఇంటి మగతనం మీదకు వచ్చేసరికి ముఖం మాడ్చుకున్నారు. ఫూలే మాత్రం 1885లో తాను వెలువరించిన సత్సార్ అనే చిన్న పత్రికలో తారాబాయి పక్షాన నిలబడి, తప్పుపట్టిన తనవాళ్ళనే మందలించారు. అంతకు ముందు సంచికలో పండిత రమాబాయి క్రైస్తవ మతం తీసుకున్నందుకు ఆమె మీద పడ్డ దుమారంలో కూడా ఆమెవైపే మాట్లాడారు. సత్సార్ రెండు సంచికలే వచ్చాయి.

మళ్ళీ మన సంగతి. కిందటి ఏడాది సంచికకు ఒక ఊరి కోడలు ఉత్తరం రాసింది. కండెలు చుట్టేది, ఆసు పోసేది, ఇంట్లో సగం పని చేసేది ఆడవాళ్ళు కదా, సొసైటీ సభ్యత్వ పుస్తకంలో నేతకార్మికులుగా మా పేర్లు ఎందుకు లేవు అని అడిగింది. ఇంకో రెండు వాక్యాలు గట్టిగానే ఉన్నాయి, పెద్దలకు తగిలేలా. పండుగ పూట ఇదెందుకని మేం పక్కన పెట్టాం. ఎవరూ మాకు చెప్పలేదు, భయపెట్టలేదు. మాకు మేమే ఆపేసుకున్నాం. అలాగే ఒక ఊళ్ళో కల్యాణ మండపం చందాల లెక్క అడిగిన కుర్రవాణ్ణి గ్రూపులోంచి తీసేశారు. ఆ అబ్బాయి ఎవరి మీదా నింద వేయలేదు, రసీదులు చూపించమన్నాడు. అమ్మాయి మీద వచ్చిన అబద్ధాన్ని ఆపని చేతులు, ఆ కుర్రవాడి ప్రశ్నను మాత్రం నిమిషంలో ఆపేశాయి.

ఫూలే పెద్దలతో ఎలా మాట్లాడేవారో రెండు ముక్కల్లో చెప్పి ముందుకు వెళ్తాం. 1876 నుంచి కొన్నేళ్ళు పూనా మునిసిపాలిటీలో సర్కారు నియమించిన సభ్యుడు. వైస్రాయి రాక సందర్భంగా మునిసిపాలిటీ సొమ్ము ఖర్చు పెడదామంటే, ఆ డబ్బు బీదల చదువుకు పెట్టమని ఒక్కరే ఎదురు నిలిచారు. 1882లో హంటర్ కమిషనుకు విజ్ఞాపన ఇచ్చి, రైతుల దగ్గర వసూలు చేసిన పన్నుతో పైకులాల కాలేజీలు నడుపుతున్నారు, ఊరి బడికి ఏమీ లేదు అని నిలదీశారు. 1888 మార్చిలో విక్టోరియా రాణి కొడుకు డ్యూక్ ఆఫ్ కనాట్‌కు పూనాలో విందు జరిగింది. నగలూ జరీ తలపాగాలతో పెద్దమనుషులంతా వచ్చారు. ఫూలే మామూలు రైతు వేషంలో వచ్చారు. లేచి నిలబడి, ఈ హాల్లో మెరుస్తున్న వాళ్ళను చూసి దేశం ఇదే అనుకోవద్దు, ఊళ్ళకు వెళ్ళి తిండీ బట్టా లేని జనాన్ని చూడండి, మీ తల్లిగారికి ఆ సంగతి చెప్పండి అన్న భావంతో మాట్లాడారు. ఆయనకు ఏ శిక్షా పడలేదు.

అదే ఏడాది మే 11న ముంబై మాండ్వీ కోళీవాడాలో సభ జరిపి జనం ఆయనకు మహాత్మ అని బిరుదు ఇచ్చారు. రెండు నెలలకే పక్షవాతం వచ్చి కుడి భాగం పడిపోయింది. డబ్బుకు కటకటగా ఉండేది. కాంట్రాక్టుల్లో సంపాదించిందంతా బడులకు, అనాథలకు, వితంతువుల ప్రసూతి గృహానికి పోయింది. ఆ ప్రసూతి గృహంలో ఒక బ్రాహ్మణ వితంతువుకు పుట్టిన పిల్లవాణ్ణే దంపతులు పెంచుకున్నారు, పేరు యశ్వంత్. పడిపోయిన చేయి ఎలాగూ లేవదని ఫూలే ఎడమచేత్తో రాయడం అలవాటు చేసుకున్నారు. అలా రాసిందే ఆయన చివరి పుస్తకం, సార్వజనిక సత్యధర్మ పుస్తకం. ఒకే ఇంట్లో భార్య ఒక మతం, భర్త ఒక మతం, పిల్లలు వేరొక మతం పాటించినా కలిసిమెలిసి బతకవచ్చన్న ఆలోచన అందులో ఉంది. అంత ఘాటుగా రాసిన మనిషి చివరికి తన ఇంటి గడప లోపల కూడా ఎదుటివారి నమ్మకానికి చోటు ఉంచారు.

1890 నవంబరు 28న ఫూలే కన్నుమూశారు. దహనానికి కుండ ఎవరు పట్టాలన్న దగ్గర పేచీ వచ్చింది. పెంపుడు కొడుకుకు హక్కు లేదని బంధువులు అడ్డు చెప్పారు. సావిత్రీబాయి ఎవరితో వాదన పెట్టుకోకుండా కుండ తానే చేతిలోకి తీసుకుని ముందు నడిచారు. మరుసటి ఏడాది, 1891లో, యశ్వంత్ ఆ ఎడమచేతి పుస్తకాన్ని అచ్చు వేయించాడు.

కండెలు చుట్టే ఆ కోడలి ఉత్తరాన్ని, ఒక్క అక్షరం మార్చకుండా, ఈ సంచికలోనే తర్వాతి పేజీలో వేశాం. ఆమె అనుమతి మళ్ళీ అడిగి తీసుకున్నాం. దానికి జవాబు రాయదలచిన సొసైటీ పెద్దలకు పక్క పేజీ ఖాళీగా ఉంచాం.